పుట్టింటి ఆస్తిలో ఆడపిల్ల వాటా: సంతకం పెట్టకముందు నుంచి పాసుపుస్తకం చేతికొచ్చే దాకా

ఆదివారం పొద్దున్నే ఫోన్ వస్తుంది. "అక్కా, బాగున్నావా? బావగారికి షుగర్ తగ్గిందా?" కుశలప్రశ్నలు అయ్యాక అసలు మాట. "నాన్న పేరు మీదున్న పొలం మార్పించాలి. బుధవారం ఒక్క పూట వచ్చి వెళ్లు. చిన్న సంతకమే. పొద్దున వస్తే సాయంత్రం బస్సుకి వెళ్లిపోవచ్చు. ఆధార్ కార్డు మాత్రం మర్చిపోకు."

సివిల్ కోర్టులో ఏళ్ల తరబడి పంపకం దావాలు చూస్తున్న వకీలుగా చెబుతున్నాను. ఆడపిల్లలు వాటా పోగొట్టుకునేది కోర్టులో కాదు, ఆ బుధవారం నాడు. చట్టం వాళ్ల పక్షానే ఉంది. చట్టాన్ని పక్కన పెట్టేసే కాగితం మీద సంతకం మాత్రం వాళ్లదే ఉంటుంది. అందుకని ఇందులో దావా గురించి కంటే దావాకి ముందు చేయాల్సిన పనుల గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఇది హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాల కోసం. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఈ చట్టం కిందికే వస్తారు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. అందులో వీలునామా లేకుండా తండ్రి చనిపోతే మూడో వంతు తల్లికి పోను, మిగతాది కొడుకులూ కూతుళ్లూ సమానంగా పంచుకుంటారు. ముస్లిం కుటుంబాల్లో కూతురికి కొడుకు వాటాలో సగం. షెడ్యూల్డు తెగలకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు. అక్కడ ఆచారమే చూస్తారు. అయితే ఆచారం పేరు చెప్పి ఆడవాళ్లని వారసత్వం నుంచి తప్పించడం కుదరదని ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. ఏజెన్సీలో ఉన్నవాళ్లు ఈ తీర్పు గురించి తమ వకీలుని అడగాలి.

మొదటి పని: పాత తేదీల భయం వదిలించుకోవడం

"నీకు 85కి ముందే పెళ్లయింది కదమ్మా, నీకు రాదు." ఈ మాట ఇప్పటికీ రచ్చబండ దగ్గర వినపడుతుంది. ఒక్కోసారి వకీళ్ల నోటా వస్తుంది. దానికో చరిత్ర ఉంది.

1956 చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కుని మాత్రం మగపిల్లలకే ఉంచింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉండగా ఆంధ్రప్రదేశ్ దీన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకూ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కల్పించింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే బాట పట్టాయి. అయితే మన సవరణలో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందు పెళ్లయినవాళ్లకి అది వర్తించదు. ఒకే ఇంట్లో అక్కకి లేని హక్కు చెల్లెలికి వచ్చింది. ఈ తేడా వల్ల మాటలు ఆగిపోయిన అక్కాచెల్లెళ్లని నేను చూశాను.

2005లో కేంద్రం చట్టాన్నే మార్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్లయినా కాకపోయినా, కూతురు కొడుకుతో సమానంగా కోపార్సనర్. అంటే పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో భాగస్తురాలు. మరి ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా? 2015లో సుప్రీంకోర్టు ఉండాలంది. 2018లో ఇంకో తీర్పు వేరే దారి పట్టింది. చివరికి 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం వినీత శర్మ కేసులో విషయం తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నది చూడక్కర్లేదు.

కాబట్టి మీ పెళ్లి 1978లో జరిగినా, నాన్న 1999లో పోయినా, ఆ కారణం చెప్పి మీ హక్కు కాదనలేరు. కాదనడానికి ఒక్క దారే మిగిలింది. 2004 డిసెంబరు 20కి ముందే ఆస్తిని అమ్మేసో, రాసిచ్చేసో ఉండాలి, లేదా రిజిస్టరు దస్తావేజుతో గానీ, కోర్టు డిక్రీతో గానీ పంచుకుని ఉండాలి. "అప్పుడెప్పుడో నోటిమాటగా పంచుకున్నాం" అంటే మామూలుగా చెల్లదు. అప్పటి నుంచే ఎవరి పేరున వాళ్లకి పట్టాలు, శిస్తు రసీదులు, బ్యాంకు రుణాలు విడివిడిగా నడిచినట్టు ప్రభుత్వ రికార్డులు గట్టిగా చెబితేనే, అరుదుగా కోర్టు ఒప్పుకుంటుంది. ఆ రుజువు చూపాల్సిన బరువు కూడా పంచుకున్నామనే వాళ్ల మీదే ఉంటుంది.

"కట్నం ఇచ్చాం, బంగారం పెట్టాం, అదే నీ వాటా" అనే మాట గురించి వేరే చెప్పాలి. పెళ్లిలో ఇచ్చినదాన్ని వాటా కింద జమ కట్టమని ఈ చట్టంలో ఎక్కడా లేదు. కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ 1961 నుంచి నేరం. మీరూ మీ అన్నదమ్ములూ మళ్లీ మాట్లాడుకునేటప్పుడు ఈ ముక్క మెల్లగా చెప్పండి చాలు.

రెండో పని: ఏ ఆస్తి ఏ కుప్పలోదో తేల్చుకోవడం

మన వాడుకలో నాన్న నుంచి వచ్చిందంతా పిత్రార్జితమే. కోర్టులో ఆ మాట సరిపోదు. ఒక నోటుబుక్కు తీసుకుని మూడు పేజీలు వేరు చేయండి.

మొదటి పేజీలో తాత ముత్తాతల నుంచి వచ్చి, పంచుకోకుండా నడుస్తున్న ఉమ్మడి ఆస్తి రాయండి. ఇందులో మీకు పుట్టుకతో వాటా ఉంది. నాన్న బతికుండగానే అడగొచ్చు. ఇందులో మొత్తం ఒక్క కొడుకు పేరునే రాసిచ్చే అధికారం నాన్నకి లేదు. తన వాటా మట్టుకు వీలునామా రాసుకోవచ్చు.

రెండో పేజీలో నాన్న సొంత సంపాదనతో కొన్నది రాయండి. ఇది ఆయన ఇష్టం. బతికుండగా ఎవరికైనా రాసివ్వొచ్చు, అమ్ముకోవచ్చు. మీరు ఆపలేరు, అలగడం తప్ప. ఆయన వీలునామా రాయకుండా పోతే మాత్రం అమ్మ, కొడుకులు, కూతుళ్లు, నాయనమ్మ బతికుంటే ఆమె, అందరికీ సమానంగా వస్తుంది.

మూడో పేజీ అమ్మది. పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన పొలం, ఆమె పేరున కొన్న ఇల్లు, బంగారం ఇందులోకి వస్తాయి. ఇది పూర్తిగా ఆమె ఆస్తి. మన తులసమ్మ కేసులో 1977లోనే సుప్రీంకోర్టు, మనోవర్తి హక్కు కింద ఆడమనిషి చేతికొచ్చిన ఆస్తి అనుభవించడానికి మాత్రమే కాదు, ఆమెకి సర్వహక్కులతో దక్కుతుందని చెప్పింది. ఇక్కడో జాగ్రత్త. స్థిరాస్తిని కానుకగా ఇవ్వాలంటే రిజిస్టరు దస్తావేజు కావాలి. "పెళ్లిపీటల మీద రెండెకరాలు ఇస్తున్నామని మా తాత అందరి ముందూ చెప్పాడు" అన్నది మనసుకి నిజమే గానీ, కాగితం లేకపోతే నిలబెట్టడం చాలా కష్టం.

అసలు చిక్కు మొదటి పేజీకీ రెండో పేజీకీ మధ్య ఉంటుంది. మీ తాత 1970లో తన స్వార్జితం నాలుగెకరాలు వదిలి పోయాడనుకోండి. మీ నాన్నకి అందులో వచ్చిన భాగం ఊళ్లో అందరికీ తాతల ఆస్తే. 1956 తర్వాత ఆ చట్టం ప్రకారం కొడుకుకి వచ్చింది అతని సొంత ఆస్తి అవుతుందని సుప్రీంకోర్టు 1986లో చెప్పింది, 2016లోనూ అదే మాట అంది. అంటే అది రెండో పేజీలోది. మీ అన్నదమ్ముల వకీలు ఈ పాయింటే పట్టుకుంటాడు. అందుకే తాతకి ఎలా వచ్చింది, ఏ సంవత్సరంలో వచ్చింది, ఆయన ఎప్పుడు పోయాడు అన్న మూడు ప్రశ్నలకి జవాబు దొరికేదాకా ఏ పేజీలోనూ ఇంకుతో రాయొద్దు. పెన్సిల్ చాలు.

బ్యాంకు డిపాజిట్లు, ఎల్‌ఐసీ పాలసీలు కూడా జాబితాలో చేర్చండి. "నామినీ నేనే" అంటే సొత్తు తనదని కాదు. బ్యాంకు డిపాజిట్లలో నామినీ డబ్బు తీసుకుని వారసులకి పంచాల్సిన మనిషే. బీమా చట్టం మాత్రం 2015లో మారింది కాబట్టి, ఎల్‌ఐసీ పాలసీలో భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే వకీలుని అడగండి.

మూడో పని: వాటా లెక్క వేసుకోవడం

పన్నెండు ఎకరాల ఉమ్మడి పొలం. నాన్న, అమ్మ, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. నాన్న 2012లో వీలునామా లేకుండా పోయారు.

నాన్న చనిపోయే ముందు రోజు పంచుకున్నట్టు అనుకుని మొదలుపెడతాం. నాన్న, ఇద్దరు కొడుకులు, కూతురు, మొత్తం నాలుగు వాటాలు. తలా మూడెకరాలు. మన ప్రాంతంలో ఈ దశలో అమ్మకి వేరే వాటా కట్టే ఆనవాయితీ లేదు. ఇప్పుడు నాన్న వాటా మూడెకరాలు అమ్మకీ ముగ్గురు పిల్లలకీ సమానంగా విడిపోతుంది, తలా ముప్పావు ఎకరం. చివరికి కూతురికి మూడు ముప్పావు, కొడుకులకి ఒక్కొక్కరికి మూడు ముప్పావు, అమ్మకి ముప్పావు. ఆంధ్రలో అయితే 3 ఎకరాల 75 సెంట్లు, తెలంగాణలో 3 ఎకరాల 30 గుంటలు అంటారు.

అదే పొలానికి సవరణలకి ముందున్న లెక్క చూడండి. నాన్నకీ ఇద్దరు కొడుకులకీ నాలుగేసి ఎకరాలు. నాన్న నాలుగెకరాలు మళ్లీ నలుగురికి ఒక్కో ఎకరం. కొడుకులకి అయిదేసి ఎకరాలు, కూతురికి ఒకటి. ఊళ్లో "ఆడపిల్లకి ఎకరం ఇచ్చాం కదా, చాలు" అనే పెద్దమనిషి ఈ పాత లెక్కే చెబుతున్నాడు. ఆయన అబద్ధం ఆడటం లేదు, ఆయన నేర్చుకున్న చట్టం పాతదైంది.

అక్క ముందే చనిపోతే నాన్న నుంచి ఆమెకి రావాల్సింది ఆమె పిల్లలకి వస్తుంది. లెక్కలో వాళ్లని మర్చిపోవద్దు, తర్వాత దావాలో ఇదే అభ్యంతరంగా వస్తుంది.

నాలుగో పని: కాగితాలు, ఎవరినీ అడగకుండా

అన్నయ్యని కాగితాలు అడిగితే అనుమానం వస్తుంది, అమ్మని అడిగితే అమ్మకి నిద్ర పట్టదు. అదృష్టం కొద్దీ చాలావరకు ఎవరినీ అడగక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి పోర్టల్లో గ్రామం పేరు, సర్వే నంబరు కొడితే అడంగల్ (సాగు వివరాలు), 1బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే పత్రం) కనపడతాయి. తెలంగాణలో ధరణి పోయి భూభారతి వచ్చింది, 2025 ఏప్రిల్ నుంచి కొత్త చట్టమే నడుస్తోంది. పాత పట్టా ఎవరిదో తేలాలంటే ఆంధ్రలో పాత సర్వే నాటి ఆర్‌ఎస్‌ఆర్ రిజిస్టరు, తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్ నకళ్లు తీయాలి. తాతల ఆస్తి అని రుజువు చేయడానికి ఈ పాత కాగితాన్ని మించింది లేదు. తహసీల్దారు ఆఫీసులో "దొరకడం లేదు" అంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. చాలాసార్లు దొరుకుతుంది.

తర్వాత ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర ఆ సర్వే నంబరు మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు, గిఫ్టులు అన్నీ ఇందులో వస్తాయి. కంప్యూటర్లో దొరికేవి స్థూలంగా 1983 తర్వాతివే, అంతకుముందువి పుస్తకాల్లో వెతికించాలి. ఈసీలో మీకు తెలియని దస్తావేజు నంబరు కనిపిస్తే దాని సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. నా దగ్గరికొచ్చిన ఒకావిడ ఇలా కాపీ తీయించి చూస్తే, చివరి పేజీలో తన వేలిముద్రే ఉంది. ఏడేళ్ల క్రితం "పింఛను కాగితం" అని తమ్ముడు తీసుకెళ్లిన రోజు గుర్తొచ్చింది. పేజీ మీద చూపుడువేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. "ఆ రోజు నాకు గారెలు కూడా పెట్టించాడండీ" అంది.

ఊళ్లో ఇల్లు చాలాసార్లు గ్రామకంఠంలో ఉంటుంది, దస్తావేజు ఉండదు. ఇంటిపన్ను రసీదు, పంచాయతీ డిమాండు రిజిస్టరు నకలు తీసుకోండి. ఉన్న ఇల్లు పంచమని ఆడపిల్ల అడగకూడదనే పాత నిబంధన 2005లో రద్దయింది, ఇల్లు కూడా అడగొచ్చు. ఇవి కాక నాన్న మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్‌లో మీ పేరు ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. పెళ్లయిన ఆడపిల్లల పేర్లు రాయించకుండా తెచ్చిన సర్టిఫికెట్లు నా ఫైళ్లలో చాలా ఉన్నాయి.

పాసుపుస్తకంలో అన్న పేరు ఎక్కిపోతే పని అయిపోయిందనుకుని చాలామంది ఆగిపోతారు. రెవెన్యూ రికార్డులో పేరు మారినంత మాత్రాన హక్కు పుట్టదు, పోదు. అది శిస్తు కోసం రాసుకున్న లెక్క. కానీ అభ్యంతరం చెప్పే అవకాశం ఉన్నప్పుడు ఊరుకోవద్దు. వారసుల పేరు రికార్డులో ఎక్కించే మ్యుటేషన్ కోసం, తెలంగాణలో విరాసత్ అంటారు, ఎవరైనా దరఖాస్తు పెట్టినట్టు తెలిస్తే తహసీల్దారుకి రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి.

అయిదో పని: సంతకం పెట్టకపోవడం

ఇక ఆ బుధవారం సంగతి.

రిజిస్ట్రార్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో మిమ్మల్ని కూర్చోబెడతారు. దస్తావేజు లేఖరి పది పేజీల కట్ట తిప్పుతూ, అంచున పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా "ఇక్కడ, ఇక్కడ" అంటాడు. లోపల ఫోటో, వేలిముద్ర. గుమాస్తా "ఇష్టపూర్వకంగానే రాస్తున్నారా అమ్మా?" అని అడుగుతాడు. మీ వెనకే అన్నయ్య నిలబడి ఉంటాడు. అక్కడ కాదనే ఆడమనిషిని నేను ఇంతవరకు చూడలేదు. కాబట్టి కాదనాల్సింది అక్కడ కాదు, ఇంటి దగ్గర, ఫోన్లో.

"అలాగే తమ్ముడూ, వస్తాను. ముందు కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, మీ బావగారికి చూపిస్తాను." అంతే అనండి. ఇందులో గొడవ లేదు. కాగితం వచ్చాక పై వరుసలో ఏం రాసి ఉందో చదవండి. "హక్కు విడుదల దస్తావేజు" అంటే మీ వాటా వదులుకున్నట్టు. "సెటిల్‌మెంటు", "గిఫ్టు" అంటే ఇచ్చేసినట్టు. "భాగపంపిణీ" లేదా "పారీఖత్తు" అయితే మీ పేరు ఎదురుగా ఏ షెడ్యూలు ఉందో చూడండి. "పసుపుకుంకుమ కింద నగదు ముట్టినందున ఇకపై ఏ హక్కూ లేదు" అనే వాక్యం సాధారణంగా నాలుగో పేజీలో మధ్యలో ఉంటుంది. తెల్లకాగితమైనా, పాత స్టాంపు పేపరైనా ఇంతే. "ఎప్పుడో పంచుకున్నాం, ఇప్పుడు గుర్తుకోసం రాసుకుంటున్నాం" అనే జ్ఞాపిక కూడా రేపు కోర్టులో మీ ఎదుటికి రావచ్చు.

ఇష్టంగా వదులుకోవడం తప్పు కాదు. అన్న కష్టపడి నాన్నని చూసుకున్నాడు, నాకు అక్కర్లేదు అనుకుంటే అది మీ నిర్ణయం. ఎంత వదులుకుంటున్నారో అంకె తెలిసి వదులుకోండి, అంతే.

నాన్న బతికుండగానే ఆయన స్వార్జితంలో "నాకు వాటా వద్దు" అని రాయించుకున్న కాగితానికి మామూలుగా విలువ లేదు. ఇంకా రాని హక్కుని వదులుకోవడం కుదరదు. అయితే దానికి బదులు డబ్బు పుచ్చుకుని ఉంటే మాత్రం ఎదుటివాళ్లు ఆ మాటే పట్టుకుని మీకు అడ్డం పడతారు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న అక్కచెల్లెళ్లకి సంతకం బదులు జీపీఏ, అంటే వాళ్ల తరఫున అన్ని పనులూ చేసే అధికారం ఇచ్చే పత్రం, వస్తుంది. పుట్టింట్లో అందరికీ ఒకటే నమూనా కాగితం, "అమ్మడానికి, గిఫ్టు ఇవ్వడానికి, హక్కు విడుదల చేయడానికి సర్వాధికారాలు". ఆ మూడు మాటలూ కొట్టేయించండి. ఫలానా సర్వే నంబరులో పంపకం దస్తావేజు మీద నా తరఫున సంతకం పెట్టడానికి మాత్రమే అని, వాటా ఎంతో రాసి, స్పెషల్ పవర్ ఇవ్వండి. కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాక, ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించుకోవాలి.

ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే? మోసం జరిగిందని తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు ఆ దస్తావేజు రద్దుకి దావా వేయాలి. ఈ గడువు కఠినం. ఈ పేరా చదువుతూ ఒక పాత బుధవారం గుర్తొస్తే, మిగతాది తర్వాత చదవండి, ముందు వకీలుని కలవండి. మీ సంతకం లేకుండా అన్నదమ్ములే అమ్మేసి ఉంటే పరిస్థితి నయం. వాళ్లు తమ వాటా వరకే అమ్మగలరు. ఆ దస్తావేజు రద్దు అడగకుండానే పంపకం అడగొచ్చు, కొన్నవాళ్లని కూడా దావాలో చేర్చాలి.

ఆరో పని: కూర్చుని మాట్లాడటం

పెద్దమనుషుల పంచాయితీని నేను తీసిపారేయను. మా ఊరివైపు సగం పంపకాలు అక్కడే తేలతాయి. వెళ్లేటప్పుడు మీ లెక్క కాగితం, ఈసీ తీసుకెళ్లండి. ఒంటరిగా వెళ్లొద్దు. భర్తని ముందుకి నెట్టకుండా ఉంటే మంచిది. ఆయన నోరు తెరిచిన మరుక్షణం అది "అల్లుడు ఆస్తి కోసం వచ్చాడు" అయిపోతుంది.

పొలమే కావాలని పట్టుబట్టక్కర్లేదు. మూడు ముప్పావుకి బదులు రోడ్డు పక్కన రెండెకరాలు, లేదా మార్కెట్ ధర కట్టి డబ్బు, ఏదైనా సరే. తేలినదాన్ని అందరూ సంతకాలు పెట్టి రిజిస్టరు చేయించుకోండి. కుటుంబ సభ్యుల మధ్య పంపకానికి స్టాంపు సుంకం అమ్మకం కంటే బాగా తక్కువ. లేదంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి, దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకోండి. ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

దీని వెనకున్న భయం డబ్బు గురించి కాదని నాకు తెలుసు. సంక్రాంతికి పిలుపు ఆగిపోతుంది, ఒడిబియ్యం పోసేవాళ్లుండరు, రేపు కూతురి పెళ్లికి మేనమామ రాడు. ఈ భయానికి చట్టంలో మందు లేదు. నేను చూసినంతలో, అడిగినందుకు దూరమైన అన్నదమ్ములున్నారు, అడగకపోయినా దూరమైనవాళ్లూ ఉన్నారు.

ఏడో పని: నోటీసు, దావా

మాటలు తెగితే వకీలు ద్వారా నోటీసు పంపండి. అందరికీ వేర్వేరుగా, రసీదు ఉండేలా పోస్టులో. "నీకు వాటా లేదు" అని జవాబు వస్తే దాన్ని భద్రం చేయండి. ఉమ్మడి ఆస్తి నుంచి మిమ్మల్ని తప్పించిన సంగతి తెలిసిన నాటి నుంచి పన్నెండేళ్లలో దావా వేయాలి. ఆ లెక్క మొదలయ్యేది ఇలాంటి జవాబుతోనే.

పంపకం దావా ఆస్తి ఉన్నచోటి సివిల్ కోర్టులో వేయాలి. మీ కాపురం హైదరాబాదులో, పొలం ఒంగోలు దగ్గరైతే అక్కడికే వెళ్లాలి. మూడు విషయాల్లో దావాలు బోల్తా పడతాయి. ఒకటి, వాటాదారుల్లో ఒకరిని వదిలేయడం. మీతో బాగుండే చెల్లెలు కూడా పార్టీగా ఉండాల్సిందే. రెండు, ఆస్తిలో కొంత వదిలేయడం. పొలానికి మాత్రమే వేసి ఇల్లు వదిలేస్తే అభ్యంతరం వస్తుంది. మూడు, కోర్టు ఫీజు. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నానంటే చిన్న నిర్ణీత ఫీజు, నన్ను పూర్తిగా వెళ్లగొట్టారంటే మీ వాటా మార్కెట్ విలువ మీద ఫీజు. దావాలో మీరు రాసిన ఒక్క వాక్యమే దీన్ని తేలుస్తుంది కాబట్టి, డ్రాఫ్టు చదవకుండా సంతకం పెట్టొద్దు. వకీలు కాగితమైనా సరే.

ఫీజు భయం ఉంటే ఒక సంగతి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నెలకి లక్ష జీతమున్నా అడగొచ్చు. కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి, లేదా 15100కి ఫోన్ చేయాలి.

దావాతో పాటే, ఆస్తి అమ్మకుండా ఆపే తాత్కాలిక ఇంజంక్షన్ ఉత్తర్వు అడగండి. సబ్ రిజిస్ట్రార్‌కి తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే రిజిస్ట్రేషన్ ఆగిపోతుందని చాలామంది నమ్ముతారు. దాని మీద ఆశ పెట్టుకోవద్దు, కోర్టు ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు లేకపోయినా, దావా నడుస్తుండగా కొన్నవాడు తీర్పుకి కట్టుబడాల్సిందే.

అన్నదమ్ములు అప్పుడు నాన్న వీలునామా ఒకటి బయటికి తీస్తారు. కంగారు పడొద్దు. దాన్ని రుజువు చేయాల్సింది వాళ్లే, సాక్షి సంతకం చేసిన ఇద్దరిలో ఒక్కరినైనా బోనెక్కించాలి. నాన్న ఆస్పత్రిలో ఉన్న తేదీన రాసిందా, ఎప్పుడూ సంతకం పెట్టే మనిషి వేలిముద్ర ఎందుకు వేశాడు, లబ్ధి పొందేవాడే దగ్గరుండి రాయించాడా, ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలు. అన్నిటికీ జవాబు సరిగ్గా ఉంటే వీలునామా నిలుస్తుంది, స్వార్జితం మీద ఇక చేసేదేమీ లేదు. ఉమ్మడి ఆస్తిలో మీ పుట్టుక వాటా మాత్రం దానితో పోదు.

ఎనిమిదో పని: గెలిచాక ఆగిపోకపోవడం

పంపకం దావాలో డిక్రీలు రెండు. మొదటిది ప్రిలిమినరీ డిక్రీ, ఎవరికెంత వాటా అని చెబుతుంది. తీపి పంచేసి ఇంటికి వెళ్లిపోతారు, పదేళ్ల తర్వాత తెలుస్తుంది, పొలంలో గట్టు కూడా మారలేదని. ఫైనల్ డిక్రీ పని కోర్టే తనంతట ముందుకి తీసుకెళ్లాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా ఊరుకోకుండా మీరూ దరఖాస్తు పెట్టండి. కోర్టు అడ్వొకేట్ కమిషనర్‌ని వేస్తుంది, ఆయన సర్వేయరుని వెంటబెట్టుకుని గొలుసుతో కొలుస్తాడు. ఆ రోజు మీరు పొలంలో ఉండాలి. బోరు ఎవరి వైపు పడింది, దారి ఎటు ఉంది, కాలవ గట్టు ఏ ముక్కలో వచ్చింది, ఇవి అక్కడ నిలబడితేనే తెలుస్తాయి. ఎండ ఎక్కువగా ఉందని జీపులోనే కూర్చున్న ఒక అక్కకి దారి లేని ముక్క వచ్చింది. విడదీయలేని ఇల్లయితే 1893 నాటి పంపకాల చట్టం కింద, కనీసం సగం వాటా ఉన్నవాళ్లు విడిగానో కలిసో, అమ్మి డబ్బు పంచమని అడగొచ్చు. ఇన్నాళ్లూ వాళ్లొక్కరే తిన్న పంట ఆదాయంలో మీ వాటా కూడా అడగడం మర్చిపోవద్దు.

ఈ రెండు డిక్రీల తేడా వల్లే ఆంధ్రప్రదేశ్ ఆడపడుచులు ఒక మంచి తీర్పు తెచ్చుకున్నారు. గండూరి కోటేశ్వరమ్మ కేసులో ప్రిలిమినరీ డిక్రీ 1999లోనే వచ్చింది, కూతుళ్లకి చిన్న వాటా రాసింది. ఫైనల్ డిక్రీ కాకముందే 2005 సవరణ వచ్చింది. ఫైనల్ కానంత వరకు పంపకం పూర్తయినట్టు కాదు కాబట్టి కొత్త చట్టం ప్రకారం వాటాలు మార్చాలని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఇంట్లో ఇలా సగంలో ఆగిన పాత దావా ఉందేమో అటకమీద చూడండి.

ఫైనల్ డిక్రీని స్టాంపు పేపరు మీద తయారు చేయించాలి. దాని నకలుతో తహసీల్దారు దగ్గర మీ పేరున పాసుపుస్తకం అడగాలి.

తొమ్మిదో పని: వచ్చినదాన్ని మీ తర్వాత ఎవరికని రాయడం

ఇక్కడ చట్టం ఇంకా సమానం కాలేదు. మగవాడు వీలునామా లేకుండా పోతే తల్లి మొదటి వరుసలోనే ఉంటుంది. ఆడమనిషి పోతే మొదట పిల్లలు, భర్త. వాళ్లు లేకపోతే భర్త తరఫు వారసులు, ఆ తర్వాతే ఆమెని కన్న తల్లిదండ్రులు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి మినహాయింపు ఉంది, పిల్లలు లేకపోతే తండ్రి వారసులకి తిరిగి వెళ్తుంది. కానీ ఆమె ఉద్యోగం చేసి కొన్న ఫ్లాటు, పీఎఫ్ డబ్బు అలా వెళ్లవు. భర్త పోయి, పిల్లలు లేని టీచరమ్మ సంపాదన, ఆమెని చివరిదాకా చూసుకున్న తల్లిని దాటి, ఎప్పుడూ పలకరించని మరిదికి పోవచ్చు.

దీనికి విరుగుడు మీ చేతిలోనే ఉంది. తెల్లకాగితం మీద వీలునామా రాస్తే చాలు, స్టాంపు అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు మీ ఎదుట సంతకం చేయాలి, వాళ్లకి ఆ వీలునామాలో ఏమీ రాయకపోతే మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే రేపు తగాదా తక్కువ. సాక్షులుగా మీకంటే చిన్నవాళ్లని పెట్టుకోండి. మా ఆఫీసులో ఒక పెద్దావిడ ఎనభై ఏళ్ల మేష్టారిని సాక్షిగా తెచ్చింది. ఆయనే నవ్వుతూ, "అమ్మా, నేను ఎవరికి సాక్ష్యం చెప్పాలి, యముడికా?" అని పెన్ను మనవరాలి చేతికిచ్చారు.